ఎక్స్‌రే శుభ్రంగానే ఉంది, జ్వరం మాత్రం తగ్గలేదు: కీమో రోగి ఊపిరితిత్తుల్లో ఫంగస్‌ని సీటీతో పట్టుకున్న ఒక కేసు

రక్త క్యాన్సర్ వార్డు నుంచి రేడియాలజీకి వచ్చే ఫోన్లలో తరచూ వినపడే మాట ఇది: "ఎక్స్‌రే నార్మల్‌గానే ఉంది సార్, జ్వరం మాత్రం తగ్గట్లేదు." ఛాతీ స్కాన్లు చదవడమే నా పని. ఈ మాట వినగానే నేను రెండు విషయాలు అడుగుతాను. న్యూట్రోఫిల్స్ (క్రిములతో ముందుగా పోరాడే తెల్లకణాలు) ఎంత ఉన్నాయి, ఎన్నాళ్ళ నుంచి పడిపోయి ఉన్నాయి? సీటీ ఇవాళే తీయాలా, రేపటిదాకా ఆగొచ్చా అన్నది ఆ జవాబులను బట్టే తేలుతుంది. ఈ కేసులో ఆగకపోవడం వల్లే రోగి బయటపడ్డారని నా గట్టి నమ్మకం. రోగి అనుమతి తీసుకుని, ఆయనెవరో తెలియకుండా వివరాలు మార్చి రాస్తున్నాను.

రోగి

37 ఏళ్ళ వ్యక్తి. వరంగల్ వైపు ఒక జిన్నింగ్ మిల్లులో పని. నెల రోజులుగా నీరసం, పళ్ళు తోముకుంటే చిగుళ్ళ నుంచి రక్తం, కాళ్ళ మీద ఎర్రటి చుక్కలు. ఎముక మజ్జ పరీక్షలో అక్యూట్ మైలాయిడ్ ల్యుకేమియా అనే రక్త క్యాన్సర్ అని తేలింది. షుగర్ లేదు. గతంలో టీబీ రాలేదు. కిడ్నీలు, లివర్ బాగున్నాయి.

కీమో అందరికీ ఇచ్చే పద్ధతిలోనే మొదలైంది: సైటరబిన్ 7 రోజులు, డౌనోరూబిసిన్ 3 రోజులు. క్యాండిడా అనే ఫంగస్ రాకుండా ఫ్లూకొనజోల్ ఇచ్చారు. ఫ్లూకొనజోల్ క్యాండిడాను ఆపుతుంది కానీ ఆస్పర్‌జిల్లస్ లాంటి బూజు జాతి ఫంగస్‌ల మీద పనిచేయదు. ఈ సంగతి తర్వాత రెండుచోట్ల అక్కరకొచ్చింది.

కీమో మొదలైన 10వ రోజు 102 డిగ్రీల జ్వరం వచ్చింది. తెల్లకణాలు మైక్రోలీటరుకు 300 మాత్రమే, అందులో న్యూట్రోఫిల్స్ 100 కన్నా తక్కువ. ప్లేట్‌లెట్లు 11 వేలు. రక్తం కల్చర్‌కి పంపి గంటలోపే పైపెరాసిలిన్-టాజోబాక్టమ్ అనే యాంటీబయాటిక్ మొదలుపెట్టారు. రెండు రోజులకీ తగ్గకపోతే మెరోపెనెమ్‌కి మార్చారు. కల్చర్లలో ఏమీ పెరగలేదు. మంచం మీదే తీసిన ఛాతీ ఎక్స్‌రేలు రెండూ శుభ్రంగా ఉన్నాయి.

14వ రోజు పొద్దున ఆయన ఒక కొత్త బాధ చెప్పారు. గట్టిగా ఊపిరి తీసుకుంటే కుడి రెక్క కింద సూది గుచ్చినట్టు ఉంటోందట. దగ్గు పెద్దగా లేదు, కఫం అసలే లేదు. ఆక్సిజన్ 96 శాతం. స్టెతస్కోప్‌తో వింటే అంతా మామూలుగానే ఉంది. ఇలాంటి రోగిలో ఆ ఒక్క నొప్పిని నేను చాలా పెద్ద లక్షణంగా తీసుకుంటాను. ఊపిరితిత్తి లోపల నొప్పి తెలియదు. దాని చుట్టూ, ఛాతీ గోడ లోపలివైపు ఉండే ప్లూరా పొరకి ఏదో తగిలితేనే తెలుస్తుంది. న్యూట్రోఫిల్స్ లేని మనిషికి ప్లూరా దగ్గర నొప్పి మొదలైందంటే, రక్తనాళాల్లోకి చొరబడే ఫంగస్ ఉందేమో వెంటనే చూడాలి.

ఎక్స్‌రేలో ఎందుకు కనపడలేదు

మామూలు మనిషికి నిమ్ము చేస్తే ఎక్స్‌రేలో తెల్లటి మచ్చ కనపడుతుంది. ఆ తెల్లదనంలో ఎక్కువ భాగం క్రిములది కాదు, వాటితో పోరాడటానికి వచ్చిన తెల్లకణాలది, వాటి వెంట చేరిన నీటిది. ఆ కణాలే లేనప్పుడు చీము పట్టదు, కఫం రాదు, మచ్చ కూడా తేలదు. దానికితోడు పడుకోబెట్టి తీసిన ఎక్స్‌రేలో గుండె వెనక భాగం, డయాఫ్రమ్ కింది భాగం, పక్కటెముకల చాటున ఉన్నవి దాదాపు కనపడవు. ఎక్స్‌రే నార్మల్‌గా ఉండి, రెండు రోజులు దాటినా జ్వరం తగ్గని న్యూట్రోపీనియా (న్యూట్రోఫిల్స్ బాగా తగ్గిన) రోగులకు హెచ్‌ఆర్‌సీటీ (సన్నటి ముక్కలుగా తీసే సీటీ) తీసి చూసిన జర్మన్ అధ్యయనం ఒకటి 1999లో వచ్చింది. ఆ స్కాన్లలో సగానికి పైగా నిమ్ము కనపడింది. ఇది కొత్త విషయమేమీ కాదు. అయినా "ముందు ఇంకో ఎక్స్‌రే తీద్దాం" అన్న అలవాటు ఇంకా పోలేదు. పోవాలి.

రోగి భార్య కూడా అదే అడిగారు. "మొన్ననే కదండీ ఎక్స్‌రేలో ఏమీ లేదన్నారు, మళ్ళీ స్కానింగ్ ఎందుకు?"

"ఎక్స్‌రేలో కనపడాలంటే నిమ్ము బాగా ముదరాలమ్మా. మీ ఆయనకి అందాకా తట్టుకునే బలం లేదు. ఈ స్కాన్‌కి సూది ఉండదు, మందు ఎక్కించరు, ఐదు నిమిషాల్లో అయిపోతుంది" అని చెప్పాను. ఆమె ఇంకేమీ అడగలేదు, కుర్చీ తోస్తూ వెంట వచ్చారు.

రేడియేషన్ గురించి కూడా చెప్పాలి. తక్కువ డోసుతో తీసే ఛాతీ సీటీకి సుమారు 1 నుంచి 2 మిల్లీసీవర్ట్‌లు అవుతుంది. ప్రకృతి నుంచి మనిషికి ఏడాదికి సగటున అందే రేడియేషన్ దాదాపు 2.4. ప్రాణాపాయంలో ఉన్న మనిషి విషయంలో ఇది తటపటాయించాల్సిన లెక్క కాదు. మొదటి స్కాన్‌కి కాంట్రాస్ట్ (రక్తనాళాలు తేలడానికి సూదితో ఎక్కించే మందు) కూడా అక్కర్లేదు. కావాల్సిందల్లా ఒక మిల్లీమీటరు మందం ముక్కలు, ఒక్క మంచి ఊపిరి. మా టెక్నీషియన్ ఆయన పక్కన నిలబడి "పీల్చండి, ఆపండి, ఇప్పుడు వదలండి" అని రెండుసార్లు చేయించాకే బల్లను లోపలికి పంపాడు. ఊపిరి కదిలితే చిన్న నోడ్యూల్ (గుండ్రటి గడ్డ) అంచులు చెదిరిపోతాయి. మనం వెతికేదంతా ఆ అంచుల్లోనే ఉంటుంది.

మొదటి సీటీ

కుడి ఊపిరితిత్తి పై లోబ్ (పై విభాగం) వెనక భాగంలో, ప్లూరాని ఆనుకుని 18 మిల్లీమీటర్ల గట్టి నోడ్యూల్ ఉంది. ఎడమ కింది లోబ్‌లో 9 మిల్లీమీటర్లది ఇంకొకటి. పెద్దదాని చుట్టూ, చంద్రుడికి గుడి కట్టినట్టు, పలచటి బూడిద రంగు వలయం ఉంది. దీన్నే హేలో సైన్ అంటారు. 1985లో అమెరికాలోని జాన్స్ హాప్‌కిన్స్ వైద్యులు అక్యూట్ ల్యుకేమియా రోగుల సీటీల్లో దీన్ని మొదట వర్ణించారు.

ఆ వలయం రక్తం. ఆస్పర్‌జిల్లస్ పోగులు చిన్న ధమని గోడను చీల్చుకుని లోపలికి వెళతాయి. అక్కడ రక్తం గడ్డకడుతుంది. ఆ ధమని మీద ఆధారపడ్డ ఊపిరితిత్తి ముక్క చచ్చిపోతుంది. మధ్యలో కనపడే గట్టి భాగం అదే. దాని చుట్టూ రక్తం చిమ్మి గాలితిత్తుల్లో పలచగా పరుచుకుంటుంది. ప్లేట్‌లెట్లు 11 వేలున్న మనిషిలో అది ఇంకా తేలిగ్గా జరుగుతుంది.

హేలో కనపడితే ఆస్పర్‌జిల్లస్సే అని రాసేయకూడదు. చుట్టూ రక్తం చిమ్మే జబ్బు ఏదైనా ఈ బొమ్మ ఇవ్వగలదు: మ్యూకర్ అనే ఇంకో బూజు, సూడోమోనాస్ అనే బ్యాక్టీరియా, సెంట్రల్ లైన్ (పెద్ద సిరలో పెట్టిన గొట్టం) నుంచి విడిపోయి వచ్చిన చీముగడ్డలు, అరుదుగా టీబీ, కొన్నిసార్లు ల్యుకేమియానే. అందుకే నేను బొమ్మను ఒంటరిగా చదవను. న్యూట్రోఫిల్స్ లేకుండా వారం దాటిన మనిషి, బూజు మీద పనిచేయని ఫ్లూకొనజోల్ ఒక్కటే రక్షణ, కల్చర్లు ఖాళీ, ప్లూరా నొప్పి. వీటన్నిటి మధ్య ఆ వలయం కనపడితే ఆస్పర్‌జిల్లస్ జాబితాలో మొదటికి వస్తుంది.

మన దగ్గర దాని పక్కనే నిలబడేది మ్యూకర్. కోవిడ్ రెండో వేవ్‌లో బ్లాక్ ఫంగస్ పేరుతో ప్రతి ఇంటికీ తెలిసిన జబ్బే. ఈ రెండిటినీ వేరు చేయడం తప్పనిసరి, ఎందుకంటే మందు వేరు. ఆస్పర్‌జిల్లస్‌కి వొరికొనజోల్ ఇస్తాం. మ్యూకర్ మీద వొరికొనజోల్ పనిచేయదు, లైపోసోమల్ యాంఫోటెరిసిన్ కావాలి. సీటీలో మ్యూకర్‌ని పట్టించే ముఖ్యమైన గుర్తు రివర్స్ హేలో. మధ్యలో పలచగా, చుట్టూ గట్టి గట్టు కట్టినట్టు ఉంటుంది. ఫ్రాన్స్‌లో మ్యూకర్ సోకిన ల్యుకేమియా రోగులను చూసినప్పుడు మొదటి వారంలో 16 మందిలో 15 మందికి ఇది కనపడింది. పదికి మించి నోడ్యూల్స్, ప్లూరాలో నీరు, సైనస్‌లు నిండి ఉండటం కూడా మ్యూకర్ వైపే చూపిస్తాయి. ఈయనకు రెండే నోడ్యూల్స్, నీరు లేదు. ఆయన బల్ల దిగకముందే సైనస్‌లు కూడా స్కాన్ చేశాం. అవి శుభ్రంగా ఉన్నాయి.

బ్రాంకోస్కోపీ (శ్వాసనాళాల్లోకి గొట్టం వేసి చూడటం) మాట వచ్చింది. అంత తక్కువ ప్లేట్‌లెట్లతో ముక్క తీసే ప్రశ్నే లేదు. కడిగి నీళ్ళు తీయడం కూడా ఆ రోజు రిస్కే. బయట నుంచి చేయగలిగింది రక్తంలో గెలాక్టోమానన్ పరీక్ష. ఇది ఆస్పర్‌జిల్లస్ గోడ నుంచి రాలే చక్కెర పదార్థాన్ని పట్టుకుంటుంది. బూజును ఆపే పొసకొనజోల్ లాంటి మందు ముందే వాడుతున్న రోగుల్లో ఈ పరీక్ష పట్టు తగ్గుతుంది. ఈయన ఫ్లూకొనజోల్ మీదే ఉన్నారు కాబట్టి నెగెటివ్ వచ్చినా, పాజిటివ్ వచ్చినా ఆ ఫలితానికి విలువ ఉంటుంది.

నా రిపోర్టు చివర్లో రాసిన మాటల సారాంశం ఇది: "రక్తనాళాల్లోకి చొరబడే ఫంగస్‌కి సరిపోయే బొమ్మ, ఆస్పర్‌జిల్లస్‌కి అవకాశం ఎక్కువ, మ్యూకర్ గుర్తులు ఇప్పటికి లేవు, పరీక్షల కోసం మందు ఆపవద్దు." రిపోర్టు టైప్ కాకముందే ఫోన్లో చెప్పాను. వొరికొనజోల్ ఆ సాయంత్రమే మొదలైంది: మొదటి రెండు డోసులు కిలోకి 6 మిల్లీగ్రాములు, తర్వాత 12 గంటలకోసారి కిలోకి 4.

గెలాక్టోమానన్ 16వ రోజు వచ్చింది, 1.6. రెండోసారి పంపిన నమూనా కూడా పాజిటివే. రోగి స్థితి, సీటీ, గెలాక్టోమానన్ మూడూ కలిస్తే 2020 నాటి ఈఓఆర్‌టీసీ (యూరప్ క్యాన్సర్ పరిశోధన సంస్థ) నిర్వచనాల ప్రకారం దీన్ని "ప్రాబబుల్" ఆస్పర్‌జిల్లోసిస్ అంటారు. ముక్క తీసి మైక్రోస్కోప్ కింద చూడలేదు కాబట్టి "ప్రూవెన్" అనకూడదు. చికిత్సకు ప్రాబబుల్ చాలు.

ఒక్క రోజు తేడాకి ఇంత పట్టింపు ఎందుకంటే, హేలో ఎక్కువ రోజులు నిలవదు. ఫ్రాన్స్‌లో కయో బృందం 2001లో ప్రచురించిన వరుస సీటీల్లో 25 మందిలో 24 మందికి మొదటి రోజు హేలో ఉంది. వారం తిరిగేసరికి అది 22 శాతానికి పడిపోయింది. ఆలస్యంగా తీస్తే అన్నిటికన్నా స్పష్టమైన ఆధారం చెరిగిపోయాక తీసినట్టు. 2007లో గ్రీన్, ఆయన సహచరులు 235 మంది రోగులను పరిశీలించారు. హేలో ఉన్న దశలో చికిత్స మొదలైనవాళ్ళలో 12 వారాలకు 71 శాతం బతికి ఉన్నారు. లేనివాళ్ళలో 53 శాతం.

రెండో సీటీ: అందరికీ టెన్షన్ పెట్టింది

18వ రోజుకి జ్వరం దిగింది. అన్నం సయించింది. గోడ మీద రంగులు కదులుతున్నట్టు ఉందని రెండు రోజులు చెప్పారు. వొరికొనజోల్‌తో అది మామూలే, తగ్గిపోయింది. 21వ రోజు, అంటే మందు మొదలైన ఏడో రోజు, కఫంలో రక్తం పడింది, ఒక చెంచాడు. అదే రోజు న్యూట్రోఫిల్స్ 200 దాటాయి.

ఈసారి కాంట్రాస్ట్‌తో సీటీ యాంజియోగ్రామ్ (రక్తనాళాలను చూపే సీటీ) తీశాం. ప్రధాన నోడ్యూల్ 18 నుంచి 29 మిల్లీమీటర్లకు పెరిగింది. వ్యాసంలో చూస్తే ఒకటిన్నర రెట్లకు కొంచెం పైన. ఘనపరిమాణంలో అదే నాలుగు రెట్లు. బొమ్మలు పక్కపక్కన పెట్టి చూస్తే ఎవరికైనా గుండె జారుతుంది. రోగి తమ్ముడు వార్డు బయటే పట్టుకున్నాడు. "మచ్చ పెద్దదైందంట కదా సార్. మందు పనిచేయట్లేదా? వేరే మందు ఏదన్నా ఉంటే చెప్పండి, ఎట్లాగో తెస్తాం."

ఈ కేసులో అన్నిటికన్నా జాగ్రత్తగా నడవాల్సిన చోటు ఇదే. సరైన మందు, సరైన డోసులో పడుతున్నా మొదటి వారంలో ఈ గడ్డలు పెరుగుతాయి. కయో కొలతల్లో కూడా సగటున మొదటి వారానికి ఘనపరిమాణం నాలుగు రెట్లయింది, రెండో వారంలో నిలకడగా ఉంది. కారణం ఉంది. న్యూట్రోఫిల్స్ తిరిగొచ్చి చచ్చిన భాగం చుట్టూ చేరతాయి, వాపు పెరుగుతుంది. అంటే ఏడో రోజు సైజు చూసి మందు మార్చడం ఎక్కువసార్లు పొరపాటు నిర్ణయమే అవుతుంది. రోగి స్థిరంగా ఉంటే రెండు వారాలు కాకముందు సీటీ తీయకపోవడమే మంచిది. ఈయనకు రక్తం పడింది కాబట్టి తీశాం, సైజు కోసం కాదు.

మరి ఏం చూశాం? మొదట, కొత్త నోడ్యూల్స్ ఉన్నాయా అని. లేవు. ఎడమవైపుది 11 మిల్లీమీటర్లు, దాదాపు అలాగే ఉంది. పెద్దదాని హేలో చాలావరకు తగ్గింది, మధ్యలో నల్లబారింది. రెండోది, ధమని. నోడ్యూల్‌లోకి వెళ్ళే చిన్న కొమ్మ అంచు దగ్గరే తెగినట్టు ఆగిపోయింది. ఇది ధమని మూసుకుపోయిన గుర్తు, ఫంగస్ రక్తనాళంలోకి వెళ్ళిందన్న అనుమానాన్ని బలపరిచింది. మూడోది, అసలు భయం: పెద్ద ధమనికి ఈ గడ్డ ఎంత దగ్గరుంది? న్యూట్రోఫిల్స్ పెరిగే రోజుల్లోనే పెద్ద రక్తస్రావం జరిగే ప్రమాదం ఉంది. గడ్డ పుపుస ధమని కొమ్మను ఆనుకుని ఉంటే సర్జన్‌ని ఆ రాత్రే పిలవాలి. ఈయనకు మధ్యలో 12 మిల్లీమీటర్ల మామూలు ఊపిరితిత్తి ఉంది.

మందు మొదలైన ఐదో రోజు తీసిన రక్తంలో వొరికొనజోల్ మిల్లీలీటరుకు 2.6 మైక్రోగ్రాములు ఉంది. 1 నుంచి 5.5 మధ్య ఉండాలి కాబట్టి మందు సరిగ్గానే అందుతోంది. గెలాక్టోమానన్ తగ్గుతోంది, జ్వరం లేదు. అదే మందు కొనసాగించాలని, ప్లేట్‌లెట్లు ఎక్కించి దగ్గు అణచాలని హెమటాలజీ వాళ్ళతో కూర్చుని నిర్ణయించాం. తమ్ముడికి రెండు స్కాన్లూ తెరమీద చూపించి, కొత్త మచ్చలు లేకపోవడమే అసలు మంచి వార్త అని చెప్పాను. పెరిగిన మచ్చ కన్నా రాని మచ్చ ముఖ్యమని ఆయన ఒప్పుకోవడానికి కాసేపు పట్టింది.

మూడో సీటీ, టీబీ అనుమానం

మందు మొదలైన 16వ రోజు న్యూట్రోఫిల్స్ 1500. మజ్జ పరీక్షలో ల్యుకేమియా కణాలు కనపడలేదు. సీటీలో పెద్ద నోడ్యూల్ 24 మిల్లీమీటర్లకు తగ్గింది, దాని పైఅంచున నెలవంక ఆకారంలో గాలి చేరింది. ఎయిర్ క్రెసెంట్ ఇది. తిరిగొచ్చిన తెల్లకణాలు చచ్చిన కణజాలం అంచులను కరిగించి మోసుకుపోతాయి, మిగిలిన ముద్ద గోడ నుంచి విడివడుతుంది, ఆ సందులో గాలి చేరుతుంది. ఈ రోగుల్లో ఇది కోలుకుంటున్న గుర్తు.

కానీ మన ప్రాంతంలో ఊపిరితిత్తి పైలోబ్‌లో డొల్ల కనపడితే ఎవరికైనా ముందు తట్టేది టీబీయే. పాత స్కాన్లు చూడకుండా ఈ ఒక్క స్కాన్ చదివితే "కేవిటీ, టీబీ కావొచ్చు" అని రాయడం చాలా సులువు. అలా రాస్తే రిఫాంపిసిన్ మొదలవుతుంది. రిఫాంపిసిన్ వొరికొనజోల్‌ని లివర్‌లో వేగంగా కరిగించి రక్తంలో దాదాపు లేకుండా చేస్తుంది. కోలుకుంటున్న మనిషి మళ్ళీ మొదటికొస్తాడు. అప్పటికి కఫం వస్తోంది కాబట్టి సీబీనాట్‌కి (టీబీ క్రిమి జన్యువును వెతికే పరీక్ష) రెండుసార్లు పంపాం. రెండూ నెగెటివ్. టీబీ మందులు పెట్టలేదు. బ్రాంకోస్కోపీ ఇప్పుడు చేయగలం, అయినా ప్రతిదీ తగ్గుముఖం పట్టినప్పుడు దానివల్ల మారే నిర్ణయం లేదని మానుకున్నాం. అలా మానుకోవడం వల్ల ఫంగస్ ఏ జాతిదో మాకు తెలియలేదు. ఈ పద్ధతికి ఉన్న పరిమితి అదే.

ఇంకో రకం రోగి అయితే

ఇదే బొమ్మ కోసం అందరిలో వెతకకూడదు. కిడ్నీ మార్పిడి జరిగినవాళ్ళకు, ఎక్కువ స్టెరాయిడ్లు వాడేవాళ్ళకు న్యూట్రోఫిల్స్ ఉంటాయి. వాళ్ళలో ఆస్పర్‌జిల్లస్ చాలాసార్లు శ్వాసనాళాల వెంట పోతుంది, హేలో అరుదు. వాళ్ళకు ఆయాసం, రెండువైపులా పరుచుకున్న గ్రౌండ్ గ్లాస్ (మసక గాజులాంటి పలచటి తెల్లదనం) కనపడితే న్యుమోసిస్టిస్ అనే ఇంకో ఫంగస్ గుర్తుకు రావాలి. సీడీ4 అనే రోగనిరోధక కణాలు 200 లోపున్న హెచ్‌ఐవీ రోగుల్లోనూ అంతే. సీడీ4 బాగా పడిపోయిన వాళ్ళలో టీబీ సాధారణంగా డొల్లలు చేయదు. మధ్యలో కుళ్ళిన లింఫ్ గ్రంథులుగానో, ఆవగింజల్లా చల్లుకున్న మిలియరీ మచ్చలుగానో వస్తుంది. రిక్వెస్ట్ ఫారంలో "జ్వరం, ఇన్‌ఫెక్షన్ ఉందేమో చూడండి" అని మాత్రమే రాస్తే మేం సగమే చదవగలం. ఏ మందు వల్ల, ఏ కణాలు, ఎన్నాళ్ళ నుంచి తగ్గాయో ఒక్క లైను రాయమని వైద్యులందరినీ కోరుతున్నాను.

సీటీ కాక వేరే దారులున్నాయి. మంచం పక్కన అల్ట్రాసౌండ్ ప్లూరా నీటిని, అంచున ఉన్న నిమ్మును బాగా చూపిస్తుంది, లోపలివి చూపించదు. పెట్ స్కాన్ చురుకైన మచ్చలను వెలిగిస్తుంది, కానీ అందులో వాడే మామూలు చక్కెర ట్రేసర్‌కి (మచ్చలను వెలిగించే రేడియోధార్మిక మందు) ఫంగస్, బ్యాక్టీరియా, ల్యుకేమియా అన్నీ ఒకటే. నాకు ఎక్కువ ఆశ ఉన్నది ఆస్ట్రియాలోని ఇన్స్‌బ్రుక్‌లో జరుగుతున్న పని మీద. ఆస్పర్‌జిల్లస్ ఇనుము కోసం సైడరోఫోర్లు అనే అణువులను వదిలి, అవి ఇనుమును పట్టుకున్నాక తిరిగి మింగుతుంది. ఇనుము స్థానంలో రేడియోధార్మిక గాలియం-68 పెడితే తేడా తెలియక దాన్నీ మింగుతుంది, పెట్‌లో వెలుగుతుంది. ఎలుకల ఊపిరితిత్తుల్లో ఇది పనిచేసింది. ఇది వార్డుల్లోకి వస్తే, ముక్క తీయకుండానే ఫంగస్ పేరు చెప్పగలిగే రోజు వస్తుంది.

ప్రస్తుతం

రోగి వొరికొనజోల్ మాత్రలు వాడుతూనే తర్వాతి కీమో విడతలు తీసుకున్నారు. ప్రతి విడతకు ముందు తక్కువ డోసు సీటీ తీశాం. చివరిదానిలో కుడివైపు 8 మిల్లీమీటర్ల మచ్చ, ప్లూరా దాకా ఒక సన్నని చార మిగిలాయి. ఎడమవైపు ఏమీ లేదు. చెల్లెలి మజ్జ సరిపోయింది, మార్పిడికి తయారవుతున్నారు. కొత్త మజ్జ కుదురుకునేదాకా న్యూట్రోఫిల్స్ మళ్ళీ సున్నాకి పడతాయి కాబట్టి ఆ రోజులన్నీ వొరికొనజోల్ ఆపకూడదని, జ్వరం మూడు రోజులు దాటితే ఎక్స్‌రే తీయకుండా నేరుగా సీటీకే పంపాలని ఆయన ఫైల్ మొదటి పేజీలో రాసి పెట్టాం.